బందెలదొడ్డిలో జీడిపిక్క ముద్ర

మా వీధి నర్సమ్మగారు రాసిన అర్జీలో నేను మొదట కొట్టేసిన వాక్యం, "కుక్కలు మనుషుల కంటే విశ్వాసం గలవి" అన్నది. ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు అని అడిగాను. తరవాత, "కుక్కలున్న వీధిలో ఎలకలుండవు" అన్నదాన్ని కొట్టేశాను. మిషన్ ఆసుపత్రిలో కంపౌండరుగా చేసి రిటైరైన మనిషి ఆమె; మొండి రోగులను చాలామందిని చూసింది.

"మేస్టారూ, మీరు అర్జీ దిద్దతన్నారా, పోస్టుమార్టం సేస్తన్నారా?"

"తప్పుడు మాట ఒక్కటుంటే చాలు, ఆఫీసరు దాన్నే పట్టుకుంటాడు."

"పట్టుకోనీండి. ఈలోగా కుక్కల్ని వదిలేస్తాడు."

భౌతికశాస్త్రం చెప్పుకునే నాకు కుక్కల మీద ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. అయితే, చంపితే కుక్కలు తగ్గుతాయన్న మాటను ఊరంతా నమ్మడం, ఎవరూ లెక్క చూడకపోవడం నాకు నచ్చలేదు. నెల్లిమర్లకు బస్సులో పావుగంట దూరంలో ఉన్న మా ఊళ్ళో, వాట్సాప్ కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, కుక్కల మీద ఫిర్యాదులు ఫొటోలతో సహా పంచాయతీ ఆఫీసరు ఫోనుకు చేరేవి. వాటిలో ఎక్కువ భాగం బజారులో బియ్యం, జీడిపప్పు అమ్మే సెట్టిగారివి. ఆఫీసరు కుక్కల్ని పట్టించి పాత బందెలదొడ్డిలో పెట్టించారు. ఒకప్పుడు చేలో పడి మేసిన పశువులను కట్టేసిన దొడ్డి అది. అందులో పన్నెండు కుక్కలున్నాయి. శుక్రవారం ఉదయం వాటికి ఆఖరి సూది.

పన్నెండింటిలో ఒకటి నర్సమ్మగారి మెట్ల మీద పడుకునే గోధుమరంగు కుక్క. దాని తోక సగమే ఉంది. దాన్ని ఇమ్మని ఆమె వెళితే, ఆఫీసరు దొడ్డి గోడకు వేలాడే తుప్పు పట్టిన రేకు బోర్డు చూపించారు. గుర్తు గల జంతువును యజమాని వచ్చేవరకు ఉంచి అతనికే అప్పగించవలెను, గుర్తు లేనిది పంచాయతీ పరం అని దాని మీద ఉంది. నాలుగిళ్ళలో తిని అయిదో ఇంటి ముందు పడుకునే కుక్కకు గుర్తు ఎక్కడిది?

మంగళవారం అర్జీతో ఇద్దరం వెళ్ళాం. చంపవద్దు, టీకాలు వేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, పట్టిన చోటే వదలండి అని అడిగాం. ఆఫీసరు మర్యాదగానే విన్నారు.

"ఎన్ని పట్టినా వీధిలో మళ్ళీ కుక్కలే మేస్టారూ. దొడ్డి గోడ దూకి అవే వచ్చేస్తున్నాయి. ఉంచితే లాభం లేదు."

"అవే అని ఎలా తెలిసింది? ఖాళీ అయిన చోటికి పక్క ఊళ్ళ నుంచి కొత్తవి వస్తున్నాయేమో."

"అది మీ ఊహ."

ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం. రోజూ పదిమందిని నేను అనే మాటను నా మీదే ప్రయోగించారు. తేల్చడానికి ఒకటే దారి ఉంది. దొడ్డిలోని కుక్కలన్నిటికీ గుర్తు వేయాలి. గుర్తున్న కుక్క వీధిలో కనిపిస్తే ఆయన మాట నిజం. గుర్తు లేనివే కనిపిస్తే నాది. "పరిశీలన నిమిత్తం" అని కాగితం రాసిచ్చాను. పోయేదేముంది అన్నట్టు ఆయన సంతకం పెట్టారు.

బొచ్చు మీద నిలిచే సిరా కావాలి. బస్తాల మీద ముద్ర వేసే నల్ల సిరాను సెట్టిగారి దుకాణం నుంచి తెచ్చే పని నర్సమ్మగారు తీసుకుంది. సిరాతో పాటు చిల్లులతో బొమ్మ కోసిన ముద్ర రేకు కూడా తెచ్చింది. గుండ్రంలో జీడిపిక్క, ఆయన సరుకు గుర్తు.

"అంకెలు వేస్తే చాలదా?" అన్నాను.

"కుక్క కదిలితే అంకె అలికిపోతాది. ఇదైతే ఒక్క అద్దు. కంపౌండరు బుద్ధి, ఏటి సేస్తాం."

ఆ కారణం నాకు సబబుగానే తోచింది. ఆమె మాటను తరచి చూడకుండా ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. బుధవారం ఆమె ఒక్కో కుక్క మెడ ఒడుపుగా పట్టుకుంటే నేను అద్దాను. గోధుమరంగుది మాత్రం నా చేతి మీద పళ్ళతో తన అభిప్రాయం నమోదు చేసింది, గాటు పడలేదు.

గురువారం ఉదయం వీధులన్నీ తిరిగాను. ముద్ర ఉన్న కుక్క ఒక్కటీ లేదు. చేపల బజారు దగ్గర నేనెన్నడూ చూడనివి అయిదు, అన్నీ ముద్ర లేనివే. అంతకుముందే దొడ్డిలో లెక్క చూసుకున్నాను, పన్నెండూ ఉన్నాయి. విజయగర్వంతో, నర్సమ్మగారిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళి కాగితం ఆఫీసరు ముందు పెట్టాను.

"తేలింది. ఒప్పుకున్నాను," అన్నారు ఆఫీసరు. "రేపటి ప్రోగ్రాం మాత్రం మారదు."

ఉద్యోగజీవితంలో నా లెక్కను ఇంత సులువుగా ఒప్పుకుని ఇంత సులువుగా పక్కన పెట్టినవారు మరొకరు లేరు. ఆయన దొడ్డి రిజిస్టరు తెప్పించి, సంతకం పెట్టబోయి ఆగిపోయారు.

"ఇదేమిటి? యజమాని గుర్తు గడిలో పన్నెండింటికీ ఏదో రాసుంది."

దొడ్డి కాపలాదారు గుమ్మం దగ్గరే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు పశువులను రిజిస్టరులో ఎక్కించిన మనిషి.

"గుర్తున్నాది బాబూ, రాసినాను. గుండ్రంలో జీడిపిక్క. సెట్టిగోరిది."

"అవి కుక్కలయ్యా."

"కుక్కకి వేరే పుస్తకం మీరివ్వలేదు కదా బాబూ."

నర్సమ్మగారు కిటికీలోంచి ఆకాశం చూస్తోంది. ముద్ర రేకు ఎందుకు తెచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

ఎదురుగానే ఉన్న దుకాణం నుంచి సెట్టిగారిని పిలిపించారు. ఆయన వెనకే సరుకు కొనడానికి వచ్చిన నలుగురూ వచ్చారు. ఆఫీసరు నా వైపు తిరిగారు.

"మేస్టారూ, మీరు అబద్ధం చెప్పరు. ఈ కుక్కలు సెట్టిగారివేనా?"

నర్సమ్మగారి మోచెయ్యి నా డొక్కకు తగిలింది. ఆ క్షణాన ఊరుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు. శుక్రవారం ఎంత దగ్గరో కూడా తెలుసు.

"ముద్ర ఆయనది. కుక్కలు ఆయనవి కావు. పరిశీలన కోసం నేనే వేశాను," అన్నాను.

"సత్యహరిశ్చంద్రుడు వచ్చినాడు," అని ఆమె గొణిగింది.

ఆఫీసరు కలం మూత తీశారు. "అయితే సెట్టిగారూ, మీవి కావని ఒక్క సంతకం పెట్టండి."

సెట్టిగారు కాగితం చూశారు, రిజిస్టరు చూశారు. గుమ్మంలో నిలబడి వింటున్న కొనుగోలుదారులను ఇంకాస్త ఎక్కువసేపు చూశారు.

"మా తాత నాటి నుంచి ఆ ముద్ర పడిన సరుకు మాది కాదని మేం అనలేదు. పురుగు పట్టిన బస్తా తెచ్చినా మార్చి ఇచ్చినాం. ఇయ్యాల కాదని సంతకం పెడితే, రేపు బస్తా తెచ్చినోడు ఏటంటాడు?"

"మరి కుక్కల మీద ఫిర్యాదులన్నీ మీవే కదండీ."

"నా కుక్కల మీద నేను పెట్టుకున్నాను. మీకేటి?" అని, నర్సమ్మగారి వైపు వేలు చూపించారు. "సిరా అడిగి రేకు పట్టుకెళ్ళినప్పుడే అనుకున్నాను, ఈవిడ ఊరికే పోదని."

"మీ ముద్ర మంచిదని పట్టుకెళ్ళాను సెట్టిగోరూ."

"సాల్లే. ఆఫీసరుగారూ, ఇంటికి మాత్రం తోలుకెళ్ళను. వీళ్ళు రాసిన అర్జీ ఉన్నాది కదా, అందులో సెప్పినట్టు సూదులేయించి, ఆపరేషన్ సేయించి, ఎక్కడివి అక్కడ వదలండి. ఒక్కటి సచ్చినా నా సరుకు పాడుసేసినట్టే."

యజమాని తేలిన పన్నెండు జంతువులను చంపించే ధైర్యం ఆఫీసరుకు లేకపోయింది. శుక్రవారం వచ్చిన పశువైద్యుడు టీకాలు వేసి వెళ్ళాడు. ఆపరేషన్లకు తరవాత విజయనగరం నుంచి మనుషులు వచ్చారు. నెల తిరగకుండా, ఇకపై దొడ్డిలో ఏ కుక్కనూ చంపరాదని పంచాయతీ తీర్మానం రాసింది. అందులో "మేస్టారి శాస్త్రీయ పరిశీలన ఫలితంగా" అని ఉంటే, అది నిజం కాదని చెప్పి కొట్టేయించాను. ఫలితంగా తీర్మానంలో ఏ కారణమూ మిగల్లేదు.

కొట్లో ఎలకలు తగ్గాయని ఆ తరవాత సెట్టిగారు అన్నారు. ముందు ఎన్ని ఉండేవని అడగబోయాను. నర్సమ్మగారు నా చేతిలో టీ గ్లాసు పెట్టింది. సిరా వెలిసినా, గోధుమరంగు కుక్క వీపు మీద సగం జీడిపిక్క చాలాకాలం కనిపించేది. వీధిలో అందరినీ పోనిచ్చి నన్ను చూసి మాత్రమే మొరిగేది.

"ఆఫీసులో నిజం సెప్పినందుకు," అనేది నర్సమ్మగారు.

రోజూ గమనించాను. కుక్క ఒక్కటే, మేస్టారు ఒక్కడే. కారణం ఇదీ అని తేల్చడానికి అది చాలదు.