మా చెల్లెలు పట్టిన గంప

పెళ్లికి పోయి వచ్చిన రోజు సాంబారు ఎలా ఉందో కూడా డైరీలో రాసుకోవడం నా అలవాటు. మదనపల్లెలో మా మేనకోడలి పెళ్లి జరిగిన రోజు మాత్రం వంటల సంగతి రాయలేదు.

ఆ పిల్లకు కుప్పంలో బ్యాంకు ఉద్యోగం. ఈ కాలపు పిల్ల, నలుగు వద్దు, గంప వద్దు అంటుందేమో అనుకున్నాం. అన్నీ కావాలంది. వెదురుగంప తానే వెతికి కొనుక్కొచ్చింది. వెనక్కి తగ్గింది వాళ్లమ్మ, పుంగనూరులో ఉండే మా చెల్లెలు. భర్త పోయినప్పటి నుంచి ఆమె ఏ శుభకార్యంలోనూ ముందుకు రాదు. అమ్మ మండపం మీద ఉండాల్సిందేనని పిల్ల ఎంత బతిమాలినా వినలేదు. కన్యాదానానికి పిల్ల చిన్నాయననూ చిన్నమ్మనూ పీటల మీద కూర్చోబెట్టి, తను వంటశాలలో ఉండిపోయింది.

ముహూర్తం దగ్గరపడింది. పెళ్లికూతురు గదిలో గంపలో కూర్చుంది. ఎత్తడానికి మేనమామలం నలుగురం నాలుగు పక్కలా వంగాం.

"మామా, నువ్వు ఎత్తొద్దు. నీ మోకాలికి ఆపరేషన్ అయిండాది. నీ పక్క అమ్మ పట్టుకుంటాది, పిలువు" అంది పిల్ల నాతో.

నా మోకాలు బాగానే ఉందని చెప్పబోయి ఆగాను. గంప ఎత్తేది మగవాళ్ల పని కదా అని మా తమ్ముడొకడు గొణిగాడు. మీ ఇంట్లో బియ్యం మూట ఎవరు ఎత్తుతారో మాకు తెలుసులే అని నా భార్య అనేసరికి ఊరుకున్నాడు.

చెల్లెలు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"నేను రాకూడదు పాపా."

"ఎవరన్నారు?"

"ఒకరు అనాల్సిన పని లేదు."

పిల్ల వాదించలేదు. గంపలోంచి లేవనూ లేదు. బయట పురోహితుడు పెళ్లికూతుర్ని తీసుకురమ్మని రెండోసారి కేకేశాడు. చెల్లెలు నా ముఖం చూసింది. నేను పక్కకు జరిగాను. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని వంగింది.

మేము హాల్లోకి రాగానే ముందు వరసలో మగపెళ్లివారి ముసలావిడ మూతి తిప్పింది. చెల్లెలు అది చూసింది. మండపం మెట్ల దగ్గర ఆమె అడుగు ఆగింది. వదిలేద్దామనుకుందని నాకు తెలిసింది. కానీ ఆ పక్క వదిలితే గంప ఒరుగుతుంది. లోపలున్నది తన బిడ్డ. పళ్లు బిగించి మెట్లెక్కింది.

గంప దించగానే దిగిపోతుందనుకున్నాను. కూతురి చీర కుచ్చిళ్లు నలిగి ఉన్నాయి. వంగి ఒక్కొక్కటే సర్దడం మొదలుపెట్టింది, తీరిగ్గా. పురోహితుడు మంత్రం ఆపి, ఆమె సర్దేదాకా చూశాడు.