పిస్టల్ బాగుందని చెప్పిన పాపానికి

ఫిబ్రవరి మొదటి సోమవారం. ఉదయం ఆరుంబావుకి, వినుకొండకు ఇవతల రోడ్డు పక్కన బస్సు దిగాను. భుజాన గుడ్డ సంచిలో నా డబుల్ బ్యారెల్ తుపాకీ. చేతిలో ట్రంకు పెట్టె. మంచు పల్చగా ఉంది. ఎదురుగా కోల్డ్ స్టోరేజీ. నాలుగంతస్తుల ఎత్తున, ఒక్క కిటికీ కూడా లేని గోడ. దాని వెనక ఆరెకరాల కల్లం. కల్లం నిండా ఆరబోసిన మిరపకాయలు. గేటు చేరేలోపే మూడుసార్లు తుమ్మాను.

"మిలట్రీ ఆయన మీరేనా?" అన్నాడు గేటు కాపలాదారు. "వారం రోజులు ఇట్టాగే ఉంటదండి. తర్వాత ముక్కే లొంగిపోద్ది."

సైన్యంలో ఇరవై రెండేళ్ళు చేశాను. చివరి పన్నెండేళ్ళు ఆర్మరర్‌ని. అంటే యూనిట్ ఆయుధాలు విప్పి, బాగుచేసి, ఏది పనికొస్తుందో ఏది రాదో తేల్చి రాసేవాణ్ణి. మంచు కొండల మీద పోస్టుల్లోనూ ఉన్నాను. సింగరాయకొండ దగ్గర మా ఊళ్ళో అందరూ ఆ కొండల సంగతులే అడుగుతారు. నేను చెప్పాల్సింది మాత్రం ఈ డ్యూటీ గురించి. మిరపకాయల మధ్య యాభై నాలుగు రోజులు.

ఆర్డర్లు నోటి మాటగానే ఇచ్చారు. డ్యూటీ ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. యజమాని కారు దిగితే రెండడుగుల వెనక నడవాలి. కల్లంలో గొడవ జరిగితే ముందుకు రావాలి.

"ఎవరితో గొడవండి?" అని అడిగాను.

"ఇంకెవరితో? రైతులతో," అన్నాడు యజమాని.

ఆయన్ని అక్కడందరూ పెద్దాయన అంటారు. కిందటి సీజన్లో సరుకు రంగు తగ్గిందని ఆయన ధర కోస్తే, ఒక రైతు చొక్కా పట్టుకున్నాడట. బొత్తాం ఒకటి ఊడింది. జరిగింది అంతే. అప్పటినుంచి ఈయనకు గన్‌మ్యాన్ కావలసి వచ్చాడు.

కల్లంలో నలభై మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. కాయల తొడిమలు తీస్తారు, తెల్లబారిన తాలు కాయలు ఏరేస్తారు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంటారు. సాయంత్రం చేతులు మండుతుంటే నూనె రాసుకుని ఆటో ఎక్కుతారు. నన్ను మిలట్రీ బాబాయ్ అనేవాళ్ళు. మొదటి వారంలోనే నేను రేడియో క్రమశిక్షణ పెట్టాను. గేటుకొక వాకీటాకీ, మెషిన్ రూముకొకటి, నాకొకటి. నెల తిరగకుండానే నా క్రమశిక్షణ ఈ తీరుకు వచ్చింది.

"గేట్, గేట్, ఇక్కడ మెషిన్ రూం. టీ వచ్చిందా? ఓవర్."

"మెషిన్ రూం, ఇక్కడ గేట్. వచ్చింది. నీది కూడా నేనే తాగేశా. ఓవర్."

మార్చి వచ్చేసరికి పదింటికే నేల కాలడం మొదలైంది. కల్లంలో చెట్టు లేదు, పందిరి లేదు. రేకుల షెడ్డు ఒకటి వేయించమని పెద్దాయన్ని అడిగాను. "సీజన్ అయ్యాక చూద్దాం," అన్నాడు. సీజన్ అయ్యాక నీడ ఎవరికి, కాకులకా? ఆ మాట అప్పుడు అనలేకపోయాను. ఇప్పుడు అంటున్నాను.

నీడ ఆడవాళ్ళే వెతుక్కున్నారు. ఇక్కడ మిరపకాయలు నింపిన గోతాన్ని టిక్కీ అంటారు. లారీకి ఎత్తబోయే టిక్కీలను కల్లం మధ్యలో గోడలా పేరుస్తారు. మిట్టమధ్యాహ్నం ఆ వరసకు ఉత్తరం పక్కన గజం వెడల్పున నీడ పడుతుంది. అక్కడ టిక్కీలకు వీపు ఆనించి, వరసగా కూర్చుని అన్నాలు తినేవారు. ఆఫీసు వైపు నుంచి చూస్తే కనిపించరు. గేటు నుంచి చూసినా కనిపించరు.

యాభయ్యో రోజు, సోమవారం, ఒక తుపాకుల బ్రోకరు కారులో వచ్చాడు. తోలు పెట్టె తెరిచి ఆఫీసు బల్ల మీద పిస్టల్ పెట్టాడు. విదేశీ సరుకు. సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తర్వాతది దానంతటదే ఎక్కుతుంది. పైగా మాగ్నం. అంటే మామూలు తూటా కన్నా మందు ఎక్కువ దట్టించినది. ధర కొత్త ట్రాక్టరు ఖరీదు పైమాటే.

"ఏవయ్యా మిలట్రీ, కొనొచ్చా కొనకూడదా?" అన్నాడు పెద్దాయన. "నీ మాటే ఫైనలు. గురువారం మధ్యాహ్నానికి చెప్పు."

బ్రోకరు వెంట తెచ్చిన అయిదు తూటాలు నా జేబులో వేసుకున్నాను. పిస్టల్ ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశాను.

మంగళవారం ఉదయం పేపరు పరిచి విప్పాను. దాచడం ఎందుకు, మనసు పారేసుకున్నాను. స్లైడ్, అంటే గొట్టం మీద ముందుకీ వెనక్కీ జరిగే పైభాగం, వెనక్కి లాగితే వెన్నలో వేలు దించినట్టుంది. ఒక్క భాగంలో కూడా వదులు లేదు. పోస్టులో మేం తుడిచి తుడిచి అరగదీసిన ఆయుధాలు గుర్తొచ్చాయి. ఇంత మంచి యంత్రం నా చేతికి ఎప్పుడూ రాలేదు. అరగంట సేపు పసిపిల్లవాడి కాళ్ళూ చేతులూ చూసినట్టు చూశాను.

తర్వాత బుద్ధి పనిచేసింది. బరువు రెండు కిలోలకు దగ్గర. పెద్దాయన నడుముకు కడితే పంచె నిలవదు. తూటాలు దొరకడం కష్టం. దొరికినా, చెయ్యి కుదరాలంటే కాల్పులు నేర్చుకునే రేంజికి వెళ్ళి మళ్ళీ మళ్ళీ కాల్చాలి. ఆయన సరుకు చూడడానికే కారు దిగని మనిషి. బుధవారం బీరువా తెరిచి చూస్తే స్లైడ్ గాడిలో అప్పుడే ఎర్రటి మిరప దుమ్ము చేరింది. ఇవన్నీ ఒక ఎత్తు, అసలు సంగతి ఒక ఎత్తు. ఆ తూటా తగిలిన చోట ఆగదు. తగిలినదాన్ని దాటి పోతుంది. దాటిన తర్వాత ఎవరున్నారో దానికి అక్కర్లేదు. ఇలాంటి కల్లంలో, ఊడిన చొక్కా బొత్తానికి బదులుగా దీన్ని కొంటాడా? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గురువారం, పన్నెండున్నర. ఎండ నడినెత్తిన ఉంది. పెద్దాయన, బ్రోకరు, నేను ఆఫీసు వరండాలో నిలబడ్డాం.

"యంత్రం ఫస్ట్ క్లాసండి," అన్నాను. "కానీ మీకు..."

"ఫస్ట్ క్లాసంట, విన్నావా?" అన్నాడు ఆయన బ్రోకరుతో. నా 'కానీ' ఆ వరండాలోనే పడిపోయింది. ముందు కొనొద్దని చెప్పి, తర్వాత యంత్రం సంగతి చెప్పాల్సింది. ఆర్మరర్ బుద్ధి, ముందు యంత్రాన్నే మెచ్చుకుంది.

"తూటాలు ఇటివ్వు. ఎట్టా ఎక్కిస్తారో చూద్దాం."

"ఇక్కడ కాల్చకూడదండి. చట్టం ఒప్పుకోదు. రేంజికి వెళ్దాం."

"కాలుస్తానన్నానా? ఇవ్వమన్నాను!"

ఇచ్చాను. ఇరవై రెండేళ్ళు ఆర్డర్ వినగానే కదిలిన చెయ్యి, అప్పుడూ కదిలింది. ఈ డ్యూటీలో నా నేరం అదే. ఎవరి మీదికీ తోసెయ్యను.

బ్రోకరు మ్యాగజైన్‌లో తూటాలు నింపి, పిస్టల్లోకి ఎక్కించి ఇచ్చాడు. పెద్దాయన మెట్లు దిగి, టిక్కీల వరస వైపు పిస్టల్ ఎత్తాడు.

"ఆగండి!" అని అరిచాను. వాకీటాకీ నొక్కాను. "గేట్, గేట్, కల్లంలో ఎవరైనా ఉన్నారా? ఓవర్."

"ఖాళీ. అందరూ అన్నాలకు పోయారు. ఓవర్."

"ఆ టిక్కీల వెనక ఉంటారండి, చూసొస్తాను, ఆగండి," అంటూ పరుగెత్తబోయాను.

"వెనక ఉంటే ఏందయ్యా? మీరు బంకర్లకు పేర్చేది బస్తాలేగా?"

పేల్చాడు.

మేం పేర్చేది ఇసుక బస్తాలు. ఎండు మిరపకాయ లోపల గింజలూ గాలీ తప్ప ఏముంటుంది? పుట్టినప్పటినుంచి మిరపకాయల్లో బతికిన మనిషికి అది నేను చెప్పాలా? పైగా ఆ ఉదయమే లారీకి ఎత్తడంతో టిక్కీలు ఒక్క వరసే మిగిలాయి. తూటా గోతాన్ని చీల్చుకుని పోయింది. ఎర్రటి దుమ్ము ఎగిసింది. దుమ్ము వెనక నుంచి దగ్గులు, తర్వాత కేకలు.

పరుగెత్తాను. పదకొండు మంది ఉన్నారు. మిగతావాళ్ళు అన్నాలకు గేటు బయటికి పోయారు. కాల్పులయ్యాక మా వాళ్ళను చూసినట్టే వరసగా చూశాను. తల, మెడ, పొట్ట, కాళ్ళు. "ఒకళ్ళనొకళ్ళు తడిమి చూసుకోండమ్మా, నెత్తుటి తడేమైనా తగిలిందా?" ఎవరికీ ఏమీ కాలేదు. పదకొండు మందినీ రెండుసార్లు లెక్కపెట్టాను. తూటా ఇద్దరి భుజాల మధ్య నుంచి వచ్చి, వాళ్ళ ముందున్న స్టీలు క్యారియర్ గిన్నెలోంచి దూసుకుపోయి, నేలలో దిగింది. గిన్నె కోటేశ్వరమ్మది. యాభై ఏళ్ళుంటాయి. ముద్ద చేతిలోనే ఉంది, నోటిదాకా పోలేదు.

వెనక్కి వచ్చాను. పిస్టల్ వెనక్కి తన్నిన దెబ్బకు పెద్దాయన కుడి మణికట్టు పట్టుకుని మూలుగుతున్నాడు. పిస్టల్ నేలమీద పడి ఉంది. మ్యాగజైన్ తీశాను. ఛాంబర్‌లోకి ఎక్కిన తూటా కూడా తీశాను. బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకున్నాను.

"లారీ టైరు పేలిందని చెప్పండి," అన్నాడు పెద్దాయన. ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. రెండో మాట, "ఆమెకు కొత్త క్యారియర్ కొనిపెట్టు." మూడోది, "పని ఆపొద్దు."

"ఎవరికైనా తగిలిందా అని ఒక్క మాట అడగండి!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పోలీసులకు ఫోన్ చేస్తున్నాను."

"చేస్తే నీ ఉద్యోగం ఉండదు. తూటాలు ఇచ్చింది నువ్వు. నీ లైసెన్సూ పోద్ది."

"పోనివ్వండి."

గేటు దగ్గరే, అందరూ చూస్తుండగా ఫోన్ చేశాను. రెండూ ఇరవైకి జీపు వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. తూటాలు నా చేత్తో ఇచ్చానని కూడా రాశాను. పిస్టల్‌తో పాటు నా డబుల్ బ్యారెల్ కూడా స్టేషనులో అప్పజెప్పాల్సి వచ్చింది. తుపాకీ లేని గన్‌మ్యాన్‌కి ఎవరు పనిస్తారు? ఆ సంగతి సంతకం పెట్టేటప్పుడే తెలుసు.

శుక్రవారం ఉదయం ఏడింటికి ట్రంకు పెట్టె సర్దుకున్నాను. గేటు కాపలాదారు రోడ్డు దాకా వచ్చాడు. "ఖాళీ అని చెప్పింది నేనండి," అన్నాడు తల దించుకుని. "అన్నం సయించట్లేదు." బస్సు వచ్చింది.

మూడు వారాల తర్వాత ఆ గేటు కాపలాదారే ఫోన్ చేశాడు. "పెద్దాయన ఆ పిస్టల్ వద్దనుకున్నాడంటండి. చెయ్యి తట్టుకోలేదంట. కేసు తేలాక తేలికైంది చూస్తాడంట."

ఆయన మణికట్టు నొచ్చింది కాబట్టి అది వద్దట! పదకొండు మంది వీపులు ఆయన లెక్కలోకే రాలేదు. షెడ్డు వేశారా అని అడిగాను. లేదన్నాడు.

మా ఊళ్ళో జనానికి ఎలాగో తెలిసింది. "ఏరా, అంత ఖరీదైన పిస్టల్ పట్టుకున్నావంట, ఎట్టా ఉంది? కొనదగ్గదేనా?" అని ఇప్పటికీ అడుగుతారు. వాళ్ళకు బరువు చెప్పను, స్లైడ్ సంగతి చెప్పను. ఆ రోజు ఒంటిగంటకు చూసింది చెబుతాను.

పోలీసులు ఇంకా రాలేదు. దుమ్ము అణిగింది. కోటేశ్వరమ్మ క్యారియర్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. ఒక పక్క చిన్న బెజ్జం. రెండో పక్క రేకు చీలి బయటికి వంగింది. అన్నం మీద మిరప గింజలు, గోనె పీచు.

"బాబాయ్," అని పిలిచింది. "నువ్వు తుపాకుల పని చేసినోడివిగా. గుండు తగిలిన మేర తీసేస్తే మిగతాది తినొచ్చా?"

ఎన్నో ఆయుధాలకు ఫిట్ అని రాశాను, అన్‌ఫిట్ అని రాశాను. ఆ అన్నానికి ఏది రాయాలి? "వద్దమ్మా, వేరేది తెప్పిస్తా," అన్నాను.

"నువ్వు తెప్పించేసరికి పని గంట కొట్టేస్తారు. ఇంటికి పోయే ఆటో ఆరింటికి గదా," అంది.

బెజ్జం పక్కన అన్నం వేలితో గీసి నేలమీద పెట్టింది. మిగతాది కలుపుకుంది. ప్రతి ముద్దనూ నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగేది. నాలుకతో వెతికేది. రేకు ముక్క తగిలితే వేళ్ళతో తీసి పక్కన పెట్టి, మళ్ళీ నమిలేది. గిన్నె ఖాళీ అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను.