జొన్నరొట్టెలో డబల్ రొట్టె

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా, పనులు తెమిలి కూర్చునేసరికి వేళ్లు వంగేవి కావు. అందుకే నాతో కూలి చేసిన ఒక అక్క గురించి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కరీంనగర్‌లో ఓ బడి కడుతుంటే ఇద్దరం కూలికి పోయేవాళ్లం. నేను తట్టల్లో ఇసుక నింపితే ఆమె మోసేది. మధ్యాహ్నం మా మూటలోని జొన్నరొట్టెలకు ఇంత కూర కొనడానికి రోజుకో హోటల్ వెతికేది. కూర ఎట్లుందని అడిగేది కాదు, వండేవాడి ముఖం చూసేది.

"కసురుకునేటోడు వెట్టింది ఒంటికి వట్టది పొల్లా, నడువ్" అని ఎండలో ఇంకో వీధికి నడిపించేది. నా కాళ్లు పీకేవి.

ఒకనాడు దవాఖాన పక్క హోటల్ ముందే కూలబడింది. ఒళ్లు కాలిపోతోంది. జొన్నరొట్టె నమలలేకపోయింది. నేను పోయి మెత్తని డబల్ రొట్టె, అదే బ్రెడ్డు, కొనుక్కొచ్చాను. అప్పట్లో మా దిక్కు జ్వరమొచ్చిన వాళ్లే అది తినేవాళ్లు.

"దాయే! మేస్త్రి జూస్తే రేపట్నుంచి పనికి రావద్దంటడు" అంది. మేస్త్రి ఎదురుగానే చాయ్ తాగుతున్నాడు.

"మరెట్లనే అక్కా?"

ఆమె జొన్నరొట్టె మడిచి, మధ్యలో డబల్ రొట్టె పెట్టుకుని, లోపలిది మాత్రమే కొరుక్కుని తింది.

"ఏందే, ఇయ్యాల గంత మెల్లగ తింటున్నవ్?" అన్నాడు మేస్త్రి.

"నీ లెక్క చాయ్ తోటి కడుపు నిండుతదా మాకు?" అని నవ్వింది.

మర్నాడు పొద్దున జ్వరంతోనే పనికొచ్చింది. నేను ఆమె తట్ట అడుగున ఖాళీ గోనెసంచి మడిచి పెట్టి, పైన పలచగా ఇసుక పరిచి, ఆమె తలకెత్తాను.