రాఖీ రోజున రూటర్ రీసెట్

2008లో నేను బిలాస్‌పూర్‌లో, రైల్వే సిగ్నల్, టెలికాం విభాగంలో సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా ఉన్నాను. సూపర్‌వైజర్లలో అది పై మెట్టు. ఆఫీసర్ల దృష్టిలో మెట్టే కాదు. స్టేషన్లలో సిగ్నల్ పరికరాలు, ఒక టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి నా అజమాయిషీలో ఉండేవి. దాంతో తీగ తగిలించి ఉన్న ప్రతి వస్తువూ నా మాట వింటుందని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం రాజ్‌కిశోర్ నగర్‌లోని ఒక ఇంట్లో, ముందు గదిలో, అందరి ఎదుటా పోయింది.

ఆ ఇల్లు స్టేషన్ మాస్టరు సింహాచలం గారిది. మా రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపువే కాబట్టి ఇంటి దగ్గర ఆయన నాకు అన్నయ్య. డ్యూటీలో మాత్రం మాకు రోజూ తగాదాయే. సిగ్నల్ పరికరం ఏది విప్పాలన్నా మా విభాగం ముందుగా స్టేషన్ మాస్టరుకు డిస్కనెక్షన్ మెమో ఇవ్వాలి. ఆయన సంతకం పెట్టాకే దాని మీద చెయ్యి వేయాలి. పనయ్యాక అంతా మొదటి నుంచి పరీక్షించి తిరిగి అప్పగించాలి. అంతసేపూ రైళ్లు నెమ్మదిస్తాయి గనక ఏ మాస్టరూ ఇష్టంగా సంతకం పెట్టడు. సింహాచలం గారైతే కలం ఎక్కడ పెట్టారో కూడా మరిచిపోయేవారు.

అలాంటి మనిషి రాఖీ పండగ ముందు రోజు తానే ఫోన్ చేసి రమ్మన్నారు. ఆయన కూతురు శైలజ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ చదివి ఏడాదిగా ఉద్యోగం వెతుకుతోంది. మర్నాడు మధ్యాహ్నం బెంగుళూరు కంపెనీ ఒకటి ఇంటర్నెట్‌లో, కెమెరా ముందు ఇంటర్వ్యూ చేస్తుందట. ఆ ఏడాదంతటికీ చివరి రౌండుదాకా వచ్చిన పిలుపు అదొక్కటే. ఇంట్లో రూటరేమో మాటిమాటికీ లైను వదిలేస్తోంది.

పండగ రోజు పొద్దున్నే కొత్త ఫర్మ్‌వేర్‌ను పెన్ డ్రైవులో వేసుకుని వెళ్లాను. ఫర్మ్‌వేర్ అంటే రూటరు పెట్టెను లోపలి నుంచి నడిపించే ప్రోగ్రాం. పాతది తీసి కొత్తది ఎక్కించాను. దీపాలన్నీ వెలిగాయి. ఇంటర్నెట్ వచ్చింది. శైలజ చాలాసేపు వాడి చూసి, లైను ఒక్కసారి కూడా తెగలేదని చెప్పింది. అక్కడితో టీ తాగి వచ్చేసి ఉంటే మహానుభావుణ్ణి అనిపించుకునేవాణ్ణి.

కానీ నాకు ఎక్స్‌ఛేంజి గుర్తొచ్చింది. అక్కడ కొత్త ప్రోగ్రాం ఎక్కించాక పాత సెట్టింగులన్నీ తుడిచేసి మళ్లీ మొదటి నుంచి నింపుతాం. పాత సెట్టింగులు కొత్త ప్రోగ్రాంలో ఉండిపోతే ఎప్పుడో ఒకప్పుడు పేచీ పెడతాయి. కాబట్టి ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సిందేనని ఉపన్యాసం ఇచ్చాను.

"పనిసేస్తంది కదేటి తమ్ముడూ, ఒగ్గెయ్" అన్నారు సింహాచలం గారు.

నాకు పంతం వచ్చింది. స్టేషన్లో ఆయన ఆపిన పనులన్నీ కళ్ల ముందు మెదిలాయి. డిస్కనెక్షన్ ఇప్పించమని ఇంట్లోనూ అడిగాను. ఆయన నవ్వి, "అచ్ఛా, ఇచ్చేసినాను పో. రీకనెక్షన్ ఎప్పుడో సెప్పు" అన్నారు. రెండు నిమిషాలన్నాను. రీసెట్ బొత్తాం రూటరు వెనక సన్నని బెజ్జంలో ఉంటుంది. వరలక్ష్మి వదిన గాజులకు ఉన్న పిన్నీసు అడిగి తీసుకుని, దర్జాగా నొక్కాను.

రూటరు ఆరి, మళ్లీ వెలిగి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది.

అవి ఎవరికీ తెలియవు. కనెక్షన్ ఇచ్చిన రోజున లైన్‌మన్ తానే కొట్టి వెళ్లిపోయాడు. ఎక్స్‌ఛేంజిలో అలాంటివన్నీ రాసి బీరువాలో ఉంచేవారు. అడిగిన వెంటనే ఎవరో ఒకరు తెచ్చి నా చేతికి అందించేవారు. అదంతా నా తెలివేనని ఇరవై ఏళ్లు అనుకున్నాను. టెలిఫోన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే పండగ పూట ఎత్తే నాథుడు లేడు. స్కూటరేసుకుని తిరిగితే ఇంటర్నెట్ సెంటర్లన్నీ మూసి ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి శైలజ ఇస్త్రీ చీర కట్టుకుని, ఇంటర్నెట్ లేని కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నాకు నిజంగా భయం వేసింది.

చివరికి ఆ అమ్మాయే సెల్‌ఫోన్‌లో కంపెనీకి సంగతి చెప్పింది. సరే, ఫోన్లోనే మాట్లాడదామన్నారు. గదిలో మేమందరం ఆ ఫోన్ చుట్టూ కూర్చున్నాం. స్పీకర్లోంచి మొదటి ప్రశ్న వచ్చింది. ఇంటర్నెట్ ఎందుకు పోయింది? జరిగింది చెప్పింది. ఆ వెంటనే రెండో ప్రశ్న: మరి ఫర్మ్‌వేర్ మార్చాక రీసెట్ చేయాలా, అక్కర్లేదా?

శైలజ నా వైపు చూడకుండా, పాత, కొత్త ప్రోగ్రాంల మధ్య తేడా ఎక్కువైతే చేయడమే మంచిదని, అయితే తుడిచేసేది మళ్లీ నింపగలమో లేదో ముందే చూసుకోవాలని చెప్పింది. "మా బాబాయ్‌కి మొదటి సగం బాగా తెలుసండీ" అని కలిపింది. అవతల ఇద్దరు ముగ్గురు గట్టిగా నవ్వారు. ఇవతల సింహాచలం గారు అంతకంటే గట్టిగా నవ్వారు.

ఉద్యోగం వచ్చింది. పండగ అయ్యాక ఆఫీసు తెరిచిన రోజున టెలిఫోన్ ఆఫీసుకు పోయి పాస్‌వర్డ్ తెచ్చి, రూటరును నేనే సరిచేశాను. ఆ తర్వాత లైను తెగలేదు. అది ఫర్మ్‌వేర్ మహిమో, రీసెట్ మహిమో ఇప్పటికీ చెప్పలేను. మళ్లీ ఒకసారి రీసెట్ చేసి చూద్దామంటే ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

రిటైరయ్యాక కూడా రీసెట్ చేయమంటారా అని నన్ను అడిగేవాళ్లున్నారు. చేయమనే చెబుతాను. కాకపోతే, తిరిగి పెట్టలేనిది తీయవద్దంటాను. ఈ మాట ఆ ఇంటర్వ్యూలోనే నేర్చుకున్నాను. సింహాచలం గారింటికి ఇప్పటికీ వెళ్తుంటాను. వరలక్ష్మి వదిన టీ ఇస్తుంది. ఇచ్చే ముందు గాజులకున్న పిన్నీసు తీసి లోపల పెట్టి వస్తుంది.