బావి పక్కన నీలగిరి

ఆసుపత్రి బావి చుట్టూ నీలగిరి మొక్కలు నాటారు. అది తప్పు.

మలావీ దేశంలో ఒక పల్లె అది. నేనిప్పుడు ఉంటున్న ఈ పరాయి దేశపు సేవాసంస్థ ఒకటి ఆ పల్లె ఆసుపత్రికి బావి తవ్వించి, పచ్చదనం కోసమని మొక్కలు పెట్టింది. ఇక్కడ డ్రోహెడా ఊళ్లో డాక్టరైన మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను; ఆ ఇంటికి ఆ సంస్థ పత్రిక వస్తుంది. అందులో ఫొటో చూశాను. ఆకు చూడగానే గుర్తుపట్టాను. నేను బడి మొహం ఎరగను. కానీ అనంతపురంలో నా బావి ఎండిపోయింది గట్టున నేను వేసిన నీలగిరి వల్లే.

సంస్థకు మూడు ఉత్తరాలు రాశాను. మూడుసార్లూ ఒకటే అచ్చు కార్డు వచ్చింది: మీ ఆసక్తికి ధన్యవాదాలు.

"వదిలెయ్ నాయనా, వాళ్లకు ఎక్స్‌పర్ట్స్ ఉంటారు," అంది అమ్మాయి.

"ఉంటారు లేమ్మా. ఎండింది వాళ్ల బావి కాదు కదా."

నాలుగోది నేరుగా ఆ ఆసుపత్రి నర్సుకే రాశాను, సొంతంగా నేర్చుకున్న ఇంగ్లీషులో. తప్పులు దిద్దమంటే మనవరాలు "ఇట్స్ గ్రాండ్, తాతా," అని కవరు అంటించేసింది.

చాలా నెలలకు జవాబు వచ్చింది.

"అయ్యా, ఆ చెట్టు నీళ్లు పీల్చేస్తుందని మా అమ్మమ్మలకూ తెలుసు. అతిథి నాటుతుంటే వద్దనడం మా దగ్గర మర్యాద కాదు. వాళ్ల కారు కదలగానే పీకి, వంటచెరకు కోసం దూరంగా గుట్ట మీద నాటుకున్నాం. బావి నిండుగా ఉంది. కానీ మీరు సంస్థకు రాసిన ఉత్తరాలు చదివి, బావి పక్కన ఆ చెట్లను చూడటానికి సంస్థవాళ్లు వచ్చే నెల వస్తున్నారట. దయచేసి ఇక రాయకండి."