బండి వెనక నిలబడి చూసిన అంకుల్

అంకుల్ పోయి మూడు వారాలైందని నాకు గ్యారేజీ కౌంటర్ దగ్గర తెలిసింది. ఏటా చేయించాల్సిన తనిఖీ కోసం బండి తీసుకుని వెళ్ళాను. హెల్మెట్ తీసి ఎప్పటిలాగే వెనక షెడ్డు వైపు తొంగి చూశాను. తనిఖీ చేసేటప్పుడు ఆయన కూర్చునే పాల క్రేటు మీద ఎవరిదో రేడియో పెట్టి ఉంది. ఓనరు చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుండెపోటని, నిద్రలోనే పోయారని, పెర్త్ నుంచి కూతురొచ్చి అన్నీ చూసుకుందని, చర్చి నిండిపోయిందని చెప్పాడు. అప్పుడు నా మొహం కేసి చూసి, ఇక్కడివాళ్ళు అందరినీ పిలిచినట్టే, "సారీ లవ్, ఆర్ యూ ఫ్యామిలీ?" అని అడిగాడు.

"నో," అన్నాను. "కస్టమర్."

సిడ్నీ తెలుగువాళ్ళ ఈ పత్రిక చదివే మీలో చాలామందికి ఆయన నాకంటే బాగా తెలుసు. చర్చిలో చివరి వరసలో కూర్చునే పెద్దాయన, పిల్లల సైకిళ్ళు బాగుచేసిపెట్టే అంకుల్. మీరంతా అంత్యక్రియలకు వెళ్ళే ఉంటారు. నాకు కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు. తోచడానికి నేనాయనకి ఏమవుతానని? లెక్కపెడితే మూడేళ్ళలో మేం కలిసింది ఆరుసార్లు. అయినా ఆయన గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. చనువు తీసుకుంటున్నానని ఎవరికైనా అనిపిస్తే క్షమించండి.

మొదటిసారి ఆయన్ని చూసింది నేను సిడ్నీ వచ్చిన ఏడాదికి. హారిస్ పార్క్‌లో మేడ మీద ఒక్క గది యూనిట్, ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం. ఆదివారాల్లో మొదటి రైలు వచ్చేసరికి వార్డులో నా డ్యూటీ మొదలైపోయేది. అందుకని ఊరు వదిలి వెళ్ళిపోతున్న తోటి నర్సు దగ్గర ఆమె జపాన్ మోటార్ సైకిల్ కొనుక్కున్నాను. పామర్రులో మా అన్న బండి మీద దొంగచాటుగా నేర్చుకున్న విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. అక్కడైతే నన్ను చూడ్డానికి వీధి వీధంతా అరుగుల మీదికొచ్చేది. ఇక్కడ నేను బండి మీద పోయినా, నడిచి పోయినా, అసలు ఇంట్లోంచి కదలకపోయినా అడిగే నాథుడు లేడు.

ఈ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ కొనసాగాలంటే ఏటా బండిని ఒక గ్యారేజీలో చూపించి, బాగుందని పింక్ స్లిప్ తెచ్చుకోవాలి. బాగోకపోతే ఏం తప్పులున్నాయో రాసిస్తారు. అవి సరిచేయించి రెండు వారాల్లోపు మళ్ళీ చూపించాలి. ఆ పని మీద గ్యారేజీకి వెళితే ఒక పెద్దాయన నా బండి ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పారు. కళ్ళెందుకు మూసుకున్నారో నాకు వెంటనే అర్థమైంది. నాడి చూసేటప్పుడు నేనూ అంతే.

"ఊఁ, మెడ బాగానే ఉందే," అని గొణుక్కున్నారు. తెలుగులో!

అప్పటికి పదకొండు రోజులుగా నా నోట తెలుగు మాట రాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే మూడు నిమిషాలు, అందులో రెండు నిమిషాలు 'హలో, వినపడుతోందా' అనుకోవడానికే సరిపోయేవి. "మీరు తెలుగువాళ్ళా అంకుల్?" అని అరిచినంత పని చేశాను.

"ఆఁ, తెనాలి. మీదేవూరమ్మా?"

"పామర్రు."

"ఇంకేం, పక్కనే!" అన్నారు. సిడ్నీలో నిలబడితే అన్నీ పక్కనే మరి.

ఇక పనైపోయినట్టే అనుకున్నాను. మనవాళ్ళ బుద్ధి సముద్రం దాటినా మారదు కదా, తెలిసినాయన దొరికితే చాలు, కాగితం చేతికొచ్చినట్టే. ఆయన చక్రాలు ఊపి చూశారు, గొలుసు వేలితో ఎత్తి చూశారు, టైరు గాడిలో గోరు పెట్టి లోతు చూశారు. చివరికి నన్ను బండెక్కించి, తను పాల క్రేటు జరుపుకుని బండి వెనక కూర్చున్నారు. "చేతి బ్రేకు నొక్కు. వెలిగింది. ఇప్పుడు కాలి బ్రేకు." నొక్కాను. "మళ్ళీ నొక్కు." నొక్కాను. ఆయన లేచి, కాగితం మీద గుండ్రటి అక్షరాలతో కాలి బ్రేకుకి లైటు వెలగడం లేదని రాసి, ఫెయిల్ చేసి నా చేతిలో పెట్టారు.

నాకు ఒళ్ళు మండింది. "ఈ మాత్రం దానికేనా? మనవాళ్ళని కూడా చూడరా అంకుల్?"

"మనమ్మాయివని చూశాను కాబట్టే రాశాను. వెనకొచ్చే లారీవాడు మనవాడు కాదు కదమ్మా," అన్నారు శాంతంగా. తర్వాత పెన్ను జేబులో పెట్టుకుంటూ, "ఇంట్లో ఒక్కదానివే ఉంటున్నావా?" అని అడిగారు.

నేను బిగుసుకున్నాను. అది నా బండి మీద రాసి లేదు కదా. రాసే ఉందన్నట్టు ఆయన విడమరిచి చెప్పారు. బ్రేకు నొక్కేవాడికి తన వెనక లైటు కనపడదు. ఇంట్లో ఇంకో మనిషుంటే వెనక నిలబడి వెలిగిందో లేదో చెబుతారు. ఎవరూ లేకపోతే అది పోయి ఎన్నాళ్ళయిందో కూడా తెలియదు. "ఇంజన్లకేం కాదమ్మా, జపానోడు గట్టిగానే చేస్తాడు. ఫెయిలయ్యేవన్నీ ఇలాంటి చిన్న చిన్నవే. కాలేజీ కుర్రాళ్ళకి వెనక టైరు అరిగి గుండైపోతుంది. పిల్లలుగలవాళ్ళ గొలుసుకి నూనె ఉండదు, తీరిక లేక. ఈ కాలి బ్రేకు లైటు మాత్రం ఎక్కువగా ఒంటిగా ఉండేవాళ్ళ బండ్లకే చూస్తాను."

పెడల్ నుంచి స్విచ్‌కి లాగే చిన్న స్ప్రింగ్ తెగిందంతే. కొత్తది వేయించుకుని వారానికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి వెలిగింది. కాగితం ఇచ్చి పంపేయకుండా ఆయన నన్ను గ్యారేజీ వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడొక ఇటుక గోడ ఉంది. ఈ దేశంలో ఎండ ఉత్తరం నుంచి వస్తుంది కదా, అది దక్షిణం వైపు గోడ కావడంతో పట్టపగలు కూడా నీడే. బండి వెనక భాగాన్ని గోడకి దగ్గరగా పెట్టించి, బ్రేకు నొక్కి తల తిప్పి చూడమన్నారు. ఇటుకల మీద అరచేయంత మేర ఎర్రగా వెలుగు పడింది. "ఎవరూ లేనప్పుడు గోడనడుగు. అబద్ధం చెప్పదు," అన్నారు. అని, మధ్యాహ్నం క్యారేజీలో మిగిలిన పెరుగన్నం, దబ్బకాయ ఊరగాయ మూతలో పెట్టి ఇచ్చారు. ఆ షెడ్డులో పెట్రోలు వాసన మధ్య నిలబడి తిన్న నాలుగు ముద్దలు నాకిప్పటికీ గుర్తు.

రెండో ఏడు, అంటే నిరుడు కాక ముందటేడు, నా బండికి ఏ లోపమూ లేదు. గోడ పాఠం శ్రద్ధగా నేర్చుకున్నాను మరి. గ్యారేజీకి వెళ్తూ దారిలో లెక్క వేసుకున్నాను. పాసైతే పావుగంట. మళ్ళీ ఏడాది దాకా పని లేదు. గ్యారేజీకి రెండు వీధుల ఇవతల బండి ఆపి, ఎవరూ చూడకుండా వంగి, ఆ స్ప్రింగ్ కొక్కెం పెడల్ నుంచి ఊడదీశాను. ఇరవై తొమ్మిదేళ్ళ ఆడదాన్ని, ఇంజక్షన్లు చేసేదాన్ని, దొంగలా అటూ ఇటూ చూసుకుంటూ చేసిన పని అది. ఆయన ఫెయిల్ అని రాశారు. వారానికి మళ్ళీ వెళ్ళాను.

ఆ రెండో రాకలోనే వాళ్ళావిడ, ఆంటీ గురించి చెప్పారు. ఆయన ప్రతి ఆదివారం పెరట్లో బండెక్కి బ్రేకు నొక్కితే, ఆంటీ వంటింటి కిటికీలోంచి చూసి "వెలిగింది" అని అరిచేవారట. ఆవిడ పోయాక ఆయన ఆ బండి మీద టార్పాలిన్ కప్పేశారు. "ఊరంతటికీ పింక్ స్లిప్పులు రాస్తాను. నా బండికే లేదు," అని నవ్వారు. "తిరిగే బండితో నాకు బాధ లేదమ్మా. నిలబెట్టేసిన బండే ఏడిపిస్తుంది. బ్రేకులు పట్టేస్తాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు ఉన్నచోటే పగుళ్ళిస్తాయి." కూతురు ఫోన్ చేస్తే తను తెలుగులో మాట్లాడితే ఆ అమ్మాయి ఇంగ్లీషులో జవాబు చెబుతుందని, అయినా గొంతు అచ్చం ఆంటీదేనని కూడా అప్పుడే చెప్పారు.

నిరుడు కూడా కొక్కెం ఊడదీసే వెళ్ళాను. ఆయన క్రేటు మీద కూర్చుని, కాలి బ్రేకు రెండుసార్లు నొక్కించి, వంగి పెడల్ కింద చూశారు. చాలాసేపు చూశారు. "స్ప్రింగ్ కొత్తగానే ఉంది. ఇది దానంతటది ఊడదమ్మా. లాగి తీస్తేనే ఊడుతుంది," అన్నారు. తల దించుకుని నిలబడ్డాను. ఆయన పెన్ను తీసి మామూలుగానే రాశారు. "వెలగలేదు, వెలగలేదనే రాశాను. అందులో అబద్ధం లేదు. మంగళవారం తీసుకురా."

మంగళవారం నేను తలెత్తకుండా వెళ్ళాను. పని అయ్యాక బండి దాకా వచ్చి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి అన్నారు. "బండి చెడిపోతేనే రావాలని ఉందా ఏంటి? ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక ఇంట్లోనే ఉంటాను. ఊరికే రామ్మా. చేపల పులుసు మీ ఆంటీలాగా రాదు గానీ, తినొచ్చు." ఒక పాత రసీదు వెనక అడ్రసు రాసిచ్చారు. "తప్పకుండా వస్తానంకుల్," అన్నాను.

వెళ్ళలేదు. కొన్ని ఆదివారాలు డ్యూటీ ఉంది, నిజమే. డ్యూటీ లేని ఆదివారాలు కూడా బోలెడు వచ్చాయి. ఒకసారైతే తయారై, హెల్మెట్ పట్టుకుని, మెట్లు దిగి, ఏం చెప్పుకుని తలుపు కొట్టాలో తెలియక మళ్ళీ పైకెక్కాను. బండికి జబ్బు చేసిందంటే వెళ్ళగలను. నాకు ఒంటరిగా ఉంది, అందుకొచ్చానని ఎలా చెప్పను? ఆ రోజు ఆయన రెండు ప్లేట్లు పెట్టుకుని ఎదురుచూశారో లేదో నాకు తెలియదు. ఆ అడ్రసు కాగితం ఇప్పటికీ నా పర్సులోనే ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని చూసి, వెళ్ళడానికి ఇంకా బోలెడంత టైముందనుకున్నాను.

ఈసారి కూడా, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, రెండు వీధుల ఇవతల బండాపి ఆ కొక్కెం తీసే వెళ్ళాను. ఈసారి ఆయన ఏమంటారోనని దారంతా నవ్వుకున్నాను కూడా. వచ్చే ఆదివారం తప్పక వస్తానని, చేపలు నేనే తెస్తానని చెప్పాలనుకున్నాను.

కొత్త ఇన్స్పెక్టర్ మంచివాడే. హ్యాండిల్ తిప్పాడు, హారన్ కొట్టాడు, చేతి బ్రేకు నొక్కి వెనక్కి తొంగి చూసి టిక్ పెట్టాడు. కాలి బ్రేకు ముట్టుకోలేదు. పది నిమిషాల్లో పింక్ స్లిప్ నా చేతిలో ఉంది. "ఆల్ గుడ్, లవ్. సీ యూ నెక్స్ట్ ఇయర్." నా బండి మొదటిసారే పాసవడం ఇదే మొదలు. కాలి బ్రేకు చూడలేదని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఏం చేస్తాడు? వంగి, కొక్కెం తగిలించి, నో వరీస్ అంటాడు. మంగళవారం రమ్మనడు.

బండి నడిపించుకుంటూ గ్యారేజీ వెనక్కి వెళ్ళాను. దక్షిణం గోడ ఎప్పటిలాగే నీడలో ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని స్ప్రింగ్ తగిలించాను. రెండుసార్లు జారిపోయింది. బండి వెనక భాగాన్ని గోడకి దగ్గరగా జరిపి, ఎక్కి కూర్చుని, కాలి బ్రేకు నొక్కి తల తిప్పి చూశాను. పాల క్రేటు మీద కూర్చుంటే ఆయన ముఖం ఉండే ఎత్తులో ఇటుకలు ఎర్రబడ్డాయి.

"వెలిగిందంకుల్," అని పైకే అన్నాను. కాలు తీస్తే ఆరిపోతుందని అలాగే నొక్కిపట్టి కూర్చున్నాను.