ఇద్దరికి పెట్టి ఎవరూ పిలవని పేరు

మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాళ్ళిద్దరూ మంగళగిరి నుంచి వచ్చి, తమ తగువు నన్ను తీర్చమన్నారు. ఒకతెకు అయిదో నెల, ఒకతెకు ఆరో నెల. అక్క ఏడాది క్రితమే ఫోనులో వెతికి ఎంచిపెట్టుకున్న పేరును చెల్లెలు తన బిడ్డకు ఖాయం చేసుకుందట, అది ఘోరమైన అన్యాయమట. ఆ పేరుకు అర్థమేమిటని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్ళీ ఫోన్లు తీశారు. నేను ఏ తీర్పూ చెప్పకుండా చెరొక అరటిపళ్ళ అత్తం చేతికిచ్చి పంపేశాను. పేరు కోసం తోడబుట్టినవాళ్ళు ఎంత తెలివితక్కువగా కొట్టుకోగలరో నా కడుపున పుట్టినవాళ్ళ దగ్గరే చూశాను కనుక, ఇంకో ఇంటి తెలివితక్కువతనాన్ని తూకం వేసే ఓపిక నాకు లేదు.

మా వారు పోయింది తొంభై ఆరు కార్తీకంలో, పత్తి తీతలు మొదలైన వారంలో. మాది సత్తెనపల్లి పక్క పల్లె. నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, మేము భర్త పేరు నోట పలికేవాళ్ళం కాదు. పెళ్ళినాడు ఆడపడుచులు గడపకు అడ్డం నిలబడి చెప్పించినప్పుడు ఒక్కసారి గొణిగాను, అంతే. ఆయన్ను పేరు పెట్టి పిలిచే అత్తమామలు అంతకు ముందే వెళ్ళిపోయారు. కొడుకులకు ఆయన నాన్న, కోడళ్ళకు మామయ్యగారు. అంటే మనిషితో పాటే ఆ పేరూ మా ఇంట్లోంచి వెళ్ళిపోయింది. మనవడు పుడితే ఆ పేరు పెడతారు, స్నానానికనీ అన్నానికనీ పొద్దస్తమానం ఎవరో ఒకరు ఆ పేరు పెట్టి వాణ్ణి కేకేస్తారు, నేను వంటింట్లో ఉండి వింటాను. నాకు కావలసింది అంతే, అంతకు మించి ఎవరినీ ఏమీ అడగలేదు.

మా వైపు తాత పేరు పెద్దకొడుకు కొడుక్కి పెట్టడం ఆనవాయితీ. పెద్దవాడు పట్నం వెళ్ళి బ్రాడీపేటలో పురుగుమందుల కొట్టు పెట్టుకుని, ఏ పురుగుకు ఏ మందో తనకు తప్ప దేవుడికి కూడా తెలియదన్నట్టు మాట్లాడేవాడు. అప్పటికి వాడికి ఒక ఆడపిల్ల. చిన్నవాడు ఊళ్ళో నా దగ్గరే ఉండి ఇద్దరి వాటా పొలమూ చేసేవాడు. కోడళ్ళిద్దరూ రెండు నెలల తేడాతో నీళ్ళోసుకోగా, తొంభై ఎనిమిది శ్రావణంలో చిన్నకోడలికి ముందుగా మగపిల్లవాడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున బారసాల. ఏ పేరు పెడతావురా అని అడిగితే, నక్షత్రం చూస్తున్నారని నసిగాడు చిన్నవాడు. తీరా పీటల మీద కూర్చున్నాక, అన్న ఎక్కడున్నాడో ఒకసారి చూసుకుని, పళ్ళెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో గబగబా వాళ్ళ నాన్న పేరు రాసేశాడు, పరాయి చేలో కంకులు విరిచేవాడిలా.

పెద్దవాడు వంగి చదివాడు. "ఆ పేరు నాదిరా," అన్నాడు.

"నీకు ఆడపిల్లేగా అన్నయ్యా."

"మీ వదినకి నెలలు నిండొస్తన్నయ్, నీకు కనపడలా?"

"ఈసారి మగపిల్లోడేనని నీకెవరన్నా రాసిచ్చారా?"

చుట్టాలందరూ చూస్తుండగా పెద్దవాడు వడ్డించిన విస్తరి వదిలి స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. నాన్న బతికుండగా ఆయన మాట ఇద్దరిలో ఒక్కడూ వినలేదు. పోయాక ఆయన పేరు మీద ఇంత ప్రేమ ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఆశ్వయుజంలో పెద్దవాడికీ కొడుకే పుట్టాడు. నేను బ్రాడీపేట వెళ్ళి, ఆ పేరు ఎలాగూ ఇంట్లోకి వచ్చేసింది, నువ్వు మీ తాత పేరు పెట్టుకో, దానికెవరూ పోటీ రారు అని నచ్చజెప్పాను. వినలేదు. ఒకింట్లో ఇద్దరికి ఒకటే పేరైతే ఎట్లా పిలుస్తార్రా అంటే, "నా కొడుకుని నా ఇంట్లో నేను పిలుచుకుంటా. వాడి గొడవ నాకెందుకమ్మా," అన్నాడు. రెండో పళ్ళెంలోనూ అదే పేరు పడింది. ఆ తరువాత మూడేళ్ళు అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. కౌలు సంగతీ కోతల సంగతీ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నేనే మోశాను.

అంత యుద్ధం చేసి తెచ్చుకున్న పేరును వీళ్ళేం చేశారో చెబుతాను. కోడళ్ళకు అది మామగారి పేరు. నోట పలకకూడదు, ఆ పేరు పెట్టి పిల్లవాణ్ణి కసరకూడదు, వీపు మీద ఒకటి వేయకూడదు. పిల్లల్ని రోజంతా పిలవవలసింది తల్లులే గాని తాము కాదని, పళ్ళెంలో పేరు రాసిన మొనగాళ్ళిద్దరికీ తట్టలేదు. చేసేది లేక చిన్నకోడలు బడిలో వేసేటప్పుడు ఆ పేరు వెనక తేజ అని తగిలించి అలాగే పిలిచింది. బ్రాడీపేటలో పెద్దకోడలు, ఇక్కడి సంగతి తెలియకుండానే, ముందు సాయి చేర్చి వెనక తేజ తగిలించి, తనూ తేజ అనే పిలిచింది. తండ్రుల నోటా, బడిలోనూ చివరికి అదే మిగిలింది. ఆ రోజుల్లో వీధికి నలుగురు తేజలుండేవారు. పగబట్టిన ఇళ్ళలో కనీసం వేరే పేరైనా తోచవద్దా? మిరపకోతకు వచ్చిన ఒకావిడ నా మొహం మీదే అనేసింది: "ఏంది పెద్దమ్మా, చేలో మిరప తేజ రకమే, ఇంట్లో ఇద్దరూ తేజలే. అందర్నీ కలిపి మిర్చి యార్డుకి తోలరాదూ." నాకు నవ్వు రాలేదు గాని, ఆవిడ మాటలో తప్పు కూడా కనపడలేదు.

మళ్ళీ మాటలు కలిశాయి, ప్రేమ పుట్టి కాదు, పొలానికి కొత్త బోరు వేయడానికి ఇద్దరి సంతకాలూ కావలసి వచ్చి. రెండువేల నాలుగు ఫాల్గుణంలో పిల్లలిద్దరూ మా వాకిట్లో గోళీలాడుకుంటుండగా పక్క ఊరి సాయిబు గారు వచ్చారు. ఆయనా మా వారూ ఒకే బడిలో చదువుకున్నారు. మా వారిని ఒరేయ్ అని పేరు పెట్టి పిలిచేవాళ్ళలో చివరకు మిగిలింది ఆయనొక్కరే. స్నేహితుడి పేరు మనవళ్ళకు పెట్టారని విని, వాళ్ళ కోసం జేబులో బెల్లం జీళ్ళు వేసుకుని వచ్చారు. గేటు దగ్గర నిలబడి, పాతరోజుల్లో చేలోకి పోదాం రమ్మన్నట్టే, ఒరేయ్ అంటూ ఆ పేరు పెట్టి గట్టిగా కేకేశారు.

నేను గరిటె అక్కడే వదిలేసి గడప దాకా వచ్చేశాను. ఏడేళ్ళు దాటింది ఆ పేరు అలా విని. పిల్లలు తలెత్తనైనా ఎత్తలేదు. ఆయన మళ్ళీ పిలిచారు. అప్పుడు చిన్నవాడి కొడుకు ఇటు తిరిగి, "ఆ పేరు గలోళ్ళు ఇక్కడెవరూ లేరు తాతా," అన్నాడు. పెద్దవాడి కొడుకు అవునన్నట్టు తలూపాడు.

సాయిబు గారు గడపలో ఉన్న నన్ను చూశారు. "పలికింది నువ్వొక్కదానివే చెల్లెమ్మా," అన్నారు. జీళ్ళు అరుగు మీద పెట్టి, మజ్జిగైనా తాగకుండా వెళ్ళిపోయారు. ఈ సంగతి కొడుకులిద్దరికీ చెబితే, ఇద్దరూ ఒకేలా నవ్వారు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

నా చిన్నతనంలో మా పుట్టింటి వైపు అన్నదమ్ముల పిల్లలు ముగ్గురికి ఒకే తాత పేరు ఉండేది. పెద్దవాడనీ, నల్లవాడనీ, బుడ్డోడనీ ముందొక గుర్తు తగిలించి, తల్లులు పలక్కపోయినా ఇంటి మగవాళ్ళూ ఆడపడుచులూ ముగ్గుర్నీ ఆ పేరుతోనే పిలిచేవారు. పోయిన మనిషి పేరు రోజూ ఊరంతా వినపడేది, అది నాదంటే నాదని ఎవరూ విస్తరి ముందు నుంచి లేవలేదు. ఇప్పుడు సాయిబు గారు కూడా లేరు. మనవళ్ళు ఉద్యోగాల్లో చేరారు, వాళ్ళ కాగితాల్లో తాత పేరు ఒక పొడి అక్షరమై చుక్కతో ఆగిపోయింది. సాయంత్రం పూట వీధిలో తల్లులు పిల్లల్ని అన్నాలకు పిలుస్తుంటారు, అన్నీ నోరు తిరగని కొత్త పేర్లు. నేను వినాలనుకునే పేరు వాటిలో ఉండదని తెలుసు. అయినా ఆ వేళకు వంటింట్లో చేతిలో పని ఆపుకుని నిలబడతాను.